34 కిలోల లాబ్రడార్ లావు ఉన్నట్టా, లేనట్టా? కుక్క బరువును దేనిని బట్టి తేల్చాలి?

లలిత_కాకినాడ

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగేళ్ల ఆడ లాబ్రడార్ ఉంది, పేరు జూలీ. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. ఇటీవల టీకా కోసం తీసుకువెళ్లినప్పుడు ఆసుపత్రి కాటా మీద 34 కిలోలు తూగింది. డాక్టరు గారు వీపు మీద, పక్కల మీద చేయి వేసి చూసి, అయిదారు కిలోలు తగ్గించక తప్పదని చెప్పారు. మా మామగారు ఈ మాట ఒప్పుకోవడం లేదు. లాబ్రడార్ బరువు 25 నుంచి 36 కిలోల వరకు ఉండవచ్చని ఆయన ఒక పట్టికలో చూశారు కాబట్టి, 34 అంటే ఇంకా హద్దులోనే ఉన్నట్టని ఆయన వాదన. పైగా జూలీ చురుకుగానే ఉంటుంది, ఆకలి బాగానే ఉంది, బొచ్చు నిగనిగలాడుతోంది. పట్టికను నమ్మాలా, డాక్టరు గారి చేతిని నమ్మాలా? ఇంట్లోనే చూసుకొని తెలుసుకునే పద్ధతి ఉంటే వివరంగా చెప్పగలరు.

శ్రీను_సూర్యాపేట

లలిత గారూ, మీ మామగారు చూసిన పట్టికలో మగ, ఆడ కుక్కల అంకెలు కలిసిపోయినట్టున్నాయి. లాబ్రడార్లలో మగవాటికి 29 నుంచి 36 కిలోలు, ఆడవాటికి 25 నుంచి 32 కిలోలు అని సాధారణంగా చెబుతారు. ఆ లెక్కన జూలీ రెండు కిలోలు ఎక్కువ ఉంది, అయిదారు కాదు. చేయి వేసి చెప్పే అంచనా కన్నా అంకెకు కట్టుబడటమే మంచిదని నా అభిప్రాయం. కాటాకు మొహమాటం ఉండదు.

విశ్రాంత_పశువైద్యుడు_తెనాలి

కాటాకు మొహమాటం లేని మాట నిజమే కానీ, తన మీద నిలబడినది కొవ్వో కండో కూడా దానికి తెలియదు. ఒక జాతి కుక్కలు మామూలుగా ఎంత తూగుతాయో పట్టిక చెబుతుంది. మీ ఇంట్లో ఉన్న కుక్క ఎముకల చట్రం ఎంతటిదో అది చెప్పలేదు. చిన్న చట్రం ఉన్న ఆడ లాబ్రడార్‌కు 26 కిలోలే సరిపోవచ్చు, వెడల్పాటి ఛాతీతో పొడుగ్గా ఎదిగిన మగకుక్క 35 తూగినా లావు కాకపోవచ్చు. అందుకే వైద్యులు కిలోలతో పాటు బాడీ కండిషన్ స్కోర్ అనే తొమ్మిది మెట్ల కొలమానం వాడతారు. కుక్కల తిండి తయారుచేసే ప్యూరినా సంస్థ పరిశోధకురాలు డాటీ లాఫ్లమ్ 1997లో దీనిని ప్రచురించారు. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే తీవ్రమైన ఊబకాయం. 4, 5 ఆరోగ్యకరమైన స్థితి. 5 దాటాక ఒక్కో మెట్టుకు ఉండవలసిన బరువు కన్నా దాదాపు 10 నుంచి 15 శాతం ఎక్కువ ఉన్నట్టు.

ఇంట్లో చూసే పద్ధతి ఇది. కుక్కను గట్టి నేల మీద నాలుగు కాళ్లపై నిలబెట్టండి, ఎందుకంటే కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కొవ్వు, చర్మం పక్కకు జరిగి చేతిని మోసం చేస్తాయి. దాని వెనుక నిలబడి, రెండు బొటనవేళ్లను వెన్నెముక మీద ఆనించి, మిగతా వేళ్లను పక్కటెముకల మీద పరచి, నొక్కకుండా ముందుకూ వెనక్కూ జరపండి. పలుచని పొర కింద ఒక్కో ఎముక విడివిడిగా తెలియాలి. ఎంత పలుచన అన్న సందేహం వస్తే మీ చేతినే కొలతగా పెట్టుకోవచ్చు. అరచేయి బోర్లించి, వేళ్లు చాచి, చేతి వెనుక వైపు ఎముకల మీదుగా రెండో చేతి వేళ్లు జరిపితే తగిలే తీరు సరైన బరువుకు గుర్తు. పిడికిలి బిగించినప్పుడు కణుపులు తగిలినట్టు ఉంటే కుక్క బక్కగా ఉంది. చేతిని తిప్పి అరచేతి వైపు, వేళ్ల మొదళ్ల దగ్గర తడిమినప్పుడు ఎముక ఎక్కడో లోతున ఉన్నట్టు తెలుస్తుంది కదా, పక్కటెముకలు అలా తగిలితే కొవ్వు ఎక్కువైనట్టే.

ఆ తరువాత పైనుంచి చూడండి. పక్కటెముకలు ముగిసిన చోట నడుము లోపలికి తిరగాలి. పక్క నుంచి చూస్తే ఛాతీ కింది భాగం కన్నా పొట్ట పైకి లేచి ఉండాలి. లాబ్రడార్‌కు తొడ ముందు చర్మపు మడత ఉండటం వల్ల ఈ ఎత్తు కొంత కప్పబడుతుంది కాబట్టి, ఈ జాతిలో నేను పొట్ట కన్నా పైనుంచి కనిపించే నడుముకే ఎక్కువ విలువ ఇస్తాను. చివరగా తోక మొదలు చుట్టూ తడమండి. కొవ్వు మెత్తగా మెత్తలా పేరుకునే చోట్లలో అది ముఖ్యమైనది, యజమానులు దాదాపు ఎప్పుడూ చూడనిది.

ఆకలి, చురుకుదనం, నిగనిగలాడే బొచ్చు ఇక్కడ సాక్ష్యం కావు. లావైన లాబ్రడార్లకు ఈ మూడూ ఉంటాయి.

లలిత_కాకినాడ

డాక్టరు గారూ, మీరు చెప్పినట్టే చూశాను. మెల్లగా జరిపితే పక్కటెముకలు ఏవీ విడిగా తెలియలేదు, నొక్కితేనే తగిలాయి. పైనుంచి చూస్తే భుజాల దగ్గర నుంచి తుంటి వరకు గీత గీసినట్టు తిన్నగా ఉంది, నడుము అనదగినది లేదు. తోక మొదలు దగ్గర మెత్తగా ఉంది. మా మామగారి చేతికి మాత్రం ఎముకలు బాగానే తగులుతున్నాయట.

తిండి వివరాలు కూడా రాస్తున్నాను. రెండు పూటలా కలిపి డాగ్ ఫుడ్ 300 గ్రాములు, రాత్రి పెరుగన్నం ఒక గిన్నె, మామగారు టీ తాగేటప్పుడు రెండు పూటలా మూడేసి మారీ బిస్కెట్లు, మేము తినేటప్పుడు ఒక చపాతీ.

శ్రీను_సూర్యాపేట

నా అభ్యంతరం సరిగ్గా ఇదే. కోడలి చేతికి తగలని ఎముక మామగారి చేతికి తగులుతోంది. చూసేవారిని బట్టి మారేదాన్ని కొలత అని ఎలా అంటాము?

జీవశాస్త్రం_టీచర్_హనుమకొండ

శ్రీను గారూ, యజమానులు తమ కుక్కను ఉన్నదానికన్నా సన్నగా అంచనా వేసుకుంటారని అనేక అధ్యయనాలు చూపించాయి, మామగారు అందులో భాగమే. అయితే వైద్యులు పద్ధతి ప్రకారం తడిమి ఇచ్చిన స్కోరును, దేహంలోని కొవ్వును కొలిచే డెక్సా పరీక్షతో పోల్చి చూసినప్పుడు రెండూ బాగానే సరిపోలాయి. తేడా చేతుల్లో కన్నా ఆ చేతులు ఏ జవాబు కోరుకుంటున్నాయన్న దానిలో ఉంది.

రెండు కిలోలా, ఆరు కిలోలా అన్న తర్జనభర్జన ఎందుకు ముఖ్యమో చెప్పడానికి లాబ్రడార్ల మీదే జరిగిన ఒక అధ్యయనం ఉంది. అమెరికా పశువైద్య సంఘం పత్రికలో 2002లో వచ్చింది. 48 లాబ్రడార్ పిల్లలను 24 జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోది తిన్నదానిలో 25 శాతం తక్కువగా అదే తిండి జీవితాంతం పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్ల అరుగుదలకు మందులు మొదలుపెట్టవలసిన వయసు కూడా మొదటి గుంపులో చాలా ఆలస్యంగా వచ్చింది. నన్ను ఆలోచింపజేసిన విషయం ఏమిటంటే, ఎక్కువ తిన్న గుంపు సగటు స్కోరు 6.7 మాత్రమే. అంటే అవి నడవలేనంత లావు కుక్కలు కావు, మన వీధిలో ఎవరైనా చూసి "బొద్దుగా, ముద్దుగా ఉంది" అనే కుక్కలు.

ఇంకొక మాట. జూలీ ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టు చూస్తుంటే తప్పు పూర్తిగా దానిది కాకపోవచ్చు. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు పీ.ఓ.ఎం.సీ. అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో కనుగొన్నారు. అలాంటి కుక్కలకు పూటకూ పూటకూ మధ్య ఆకలి ఎక్కువగా ఉంటుందని, విశ్రాంతి సమయంలో ఖర్చయ్యే శక్తి సుమారు 25 శాతం తక్కువని అదే బృందం 2024లో ప్రచురించింది. ఎక్కువ అడుగుతుంది, తక్కువ ఖర్చు చేస్తుంది. దాని కళ్లను చూసి గిన్నె నింపేవారు ఓడిపోక తప్పదు.

విశ్రాంత_పశువైద్యుడు_తెనాలి

శ్రీను గారి అభ్యంతరంలో న్యాయం ఉంది. దానికి విరుగుడు ఏమిటంటే, ఇంట్లో ఒక్కరే, ఎప్పుడూ అదే రోజున, ఉదయం తిండికి ముందు చూడటం, పైనుంచి ఒక ఫోటో తీసి ఉంచుకోవడం. ఎక్కడికి చేరాలో చేయి చెబుతుంది, దారిలో ఎంత దూరం వచ్చామో కాటా చెబుతుంది. కాబట్టి శ్రీను గారి కాటాను నేను పారేయడం లేదు. చిన్న కుక్కను ఎత్తుకొని ఇంటి కాటా మీద నిలబడి, మన బరువు తీసివేస్తే సరిపోతుంది. అయితే ఆ కాటాలలో అర కిలో తేడా మామూలే, ఎనిమిది కిలోల పగ్‌కు అర కిలో అంటే ఆరు శాతం. జూలీని ఎత్తడం ఎలాగూ కుదరదు, ఆసుపత్రి కాటా గానీ, బియ్యం కొట్టులోని పెద్ద కాటా గానీ వాడండి. ఏది వాడినా ప్రతిసారీ అదే వాడండి.

లలిత గారు రాసిన గుర్తులను బట్టి స్కోరు 7 దగ్గర ఉండవచ్చు. అంటే కనీసం 20 శాతం ఎక్కువ. 34ను 1.2తో భాగిస్తే 28 కిలోల పైచిలుకు వస్తుంది. మీ డాక్టరు గారు చెప్పిన అయిదారు కిలోలు ఇలా వచ్చినవే, పట్టిక నుంచి కాదు.

ఇప్పుడు తిండి లెక్క. 28 కిలోల కుక్కకు విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు దాదాపు 850 కిలో కేలరీలు కావాలి. బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తే ఈ అంకె వస్తుంది. ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే కుక్కకు దానికి 1.6 రెట్లు, అంటే సుమారు 1,360 సరిపోతాయి. మీరు పెడుతున్నది చూద్దాం. డాగ్ ఫుడ్ 100 గ్రాములకు 370 చొప్పున వేసుకుంటే 300 గ్రాములకు 1,110 అవుతాయి, మీ సంచి మీద ఉన్న అంకెతో సరిచూసుకోండి. పెరుగన్నం గిన్నెకు 260 వరకు, ఆరు మారీ బిస్కెట్లకు 150, చపాతీకి 110. మొత్తం 1,630. ఇందులో డాగ్ ఫుడ్ వాటా మితంగానే ఉందని గమనించండి. తిండిగా లెక్కలోకి రానివే 500 దాటాయి. చిరుతిళ్లన్నీ కలిసినా రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదన్నది నియమం.

తగ్గించేటప్పుడు 850 దగ్గర మొదలుపెడతాము. ఉన్న డాగ్ ఫుడ్‌నే సగానికి కోస్తే కేలరీలతో పాటు మాంసకృత్తులు, ఖనిజాలు కూడా తెగిపోతాయి కాబట్టి, బరువు తగ్గించడానికే తయారైన తిండి గురించి మీ డాక్టరు గారిని అడగండి. గ్లాసుతో కొలవకండి, వంటింటి కాటాతో గ్రాములు తూచండి. వారానికి బరువులో ఒకటి నుంచి రెండు శాతం, అంటే జూలీకి మొదట్లో 340 నుంచి 680 గ్రాములు తగ్గితే చాలు. నాలుగైదు నెలల పని ఇది.

ముధోల్_సవారి_కర్నూలు

నాది సరిగ్గా తలకిందుల సమస్య. నా దగ్గర మూడేళ్ల మగ ముధోల్ వేటకుక్క ఉంది. చివరి పక్కటెముకలు బయటికి కనిపిస్తాయి, పొట్ట వెన్నుకు అతుక్కున్నట్టు ఉంటుంది. నడకకు తీసుకువెళితే దారిన పోయేవారు ఆపి మరీ తిండి పెట్టడం లేదా అని అడుగుతున్నారు. ఒక పెద్దమనిషి జంతు సంక్షేమం వారికి చెబుతానని కూడా అన్నారు. కొంచెం ఒళ్లు చేయించమంటారా?

విశ్రాంత_పశువైద్యుడు_తెనాలి

పరుగు కోసం పెంచిన జాతుల విషయంలో ఆ పెద్దమనిషి మాట వినకండి. ముధోల్, రాజపాలయం, చిప్పిపారై, గ్రేహౌండ్ లాంటి వాటికి చర్మం పలుచన, ఛాతీ లోతు ఎక్కువ, చర్మం కింద కొవ్వు తక్కువ. చివరి రెండు మూడు పక్కటెముకలు, తుంటి ఎముకల కొనలు కనిపించడం, పొట్ట బాగా లోపలికి పోయి ఉండటం వాటికి సహజమే. ముధోల్‌కు పక్కటెముకల జాడే తెలియకపోతే నాకు అనుమానం వస్తుంది.

మీరు ఎముకలు కాక కండను చూడండి. తొడ నిండుగా, బిగువుగా ఉందా? వెన్నెముకకు రెండు పక్కలా నడుము కండ గట్టిగా ఎత్తుగా ఉందా, లేక వెన్నుపూసల కొనలు పొడుచుకువచ్చి పక్కన గుంటలు పడ్డాయా? కణతలు లోపలికి పోయాయా? కండ నిండుగా ఉండి పక్కటెముకలు కనిపిస్తే అది ఆ జాతి రూపం. కండ పోయి కనిపిస్తే జబ్బో ఆకలో. మామూలుగా తింటూనే కొన్ని వారాలుగా చిక్కిపోతుంటే మల పరీక్ష, రక్త పరీక్ష చేయించాలి. మన ప్రాంతంలో గోమార్లు (పిడుదులు) పట్టిన కుక్కకు ఎర్లీషియా అనే జ్వరం రావడం సర్వసాధారణం, మొదట బరువు తగ్గడమే కనిపించవచ్చు.

బొచ్చుకుక్క_బెజవాడ

మా పామేరియన్‌కు పైనుంచి చూస్తే నడుమూ లేదు, పక్కటెముకలూ లేవు, బొచ్చే ఉంది. ఈ పద్ధతి దానికి వర్తిస్తుందా? అది ఆరు కిలోలు ఉంది. ఉత్సాహం వస్తే దగ్గుతోంది కూడా.

విశ్రాంత_పశువైద్యుడు_తెనాలి

బొచ్చు ఎక్కువ ఉన్నవాటికి కన్నును పూర్తిగా పక్కన పెట్టి చేతితోనే చూడాలి. వేళ్లు బొచ్చు లోపలికి పోనిచ్చి చర్మాన్ని తాకండి. స్నానం చేయించి ఒళ్లంతా తడిసినప్పుడు ఫోటో తీస్తే ఆకారం బయటపడుతుంది.

దగ్గు సంగతి మాత్రం ఆలస్యం చేయవద్దు. ఈ జాతి చిన్న కుక్కల్లో శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోయే జబ్బు ఉంటుంది. ఒళ్లు పెరిగితే అది మరింత బాధిస్తుంది. గుండె జబ్బు వల్ల కూడా దగ్గు రావచ్చు. డాక్టరుకు చూపించండి, ఈలోగా మెడ పట్టీకి తాడు కట్టకుండా ఛాతీకి వేసే పట్టీ వాడండి.

ముసలి_జర్మన్_షెపర్డ్_విశాఖ

మాది పదకొండేళ్ల జర్మన్ షెపర్డ్. రెండేళ్లుగా బరువు 33 కిలోల దగ్గరే నిలకడగా ఉంది కాబట్టి అంతా బాగుందని అనుకుంటున్నాము. కానీ ఈ చర్చ చదివాక తడిమి చూస్తే వెన్ను మీద ఎముకలు పదునుగా తగులుతున్నాయి, పొట్ట మాత్రం గుండ్రంగా ఉంది. నీళ్లు కూడా ఎక్కువగా తాగుతోంది. తిండి తగ్గించాలా, పెంచాలా?

విశ్రాంత_పశువైద్యుడు_తెనాలి

ప్రస్తుతానికి రెండూ వద్దు, ముందు పరీక్షలు చేయించండి. కండ తరిగి ఆ చోటు కొవ్వుతోనో, పొట్టలో నీటితోనో నిండితే కాటా ముల్లు కదలదు. వయసు మీద పడిన కుక్కల్లో కండ కొంత తరగడం ఉన్నదే. అందుకే వైద్యులు కండకు వేరుగా స్కోరు వేస్తారు. కానీ వెన్ను తేలడం, పొట్ట వేలాడటం, దాహం పెరగడం ఈ మూడూ ఒకచోట చేరితే కుషింగ్స్ అనే హార్మోను జబ్బును తప్పక ఆలోచించాలి. కాలేయం, గుండె, మూత్రపిండాలు, చక్కెర, ఆడకుక్క అయితే గర్భసంచి కూడా చూడాలి. పొట్టను స్కాన్ చేస్తే లోపల ఉన్నది కొవ్వో, నీరో, ఉబ్బిన అవయవమో తెలిసిపోతుంది. లావు అనుకొని ఇలాంటి కుక్కకు తిండి కోస్తే ఉన్న కండ కూడా పోతుంది.

లలిత_కాకినాడ

డాక్టరు గారూ, మీ లెక్కను మామగారికి చదివి వినిపించాను. పెరుగన్నం మానడానికి ఒప్పుకున్నారు కానీ బిస్కెట్ల దగ్గర బేరం నడుస్తోంది. తాను జూలీని సాయంత్రం మరో మూడు కిలోమీటర్లు నడిపిస్తానని, అప్పుడు బిస్కెట్లు ఇవ్వవచ్చు కదా అని అంటున్నారు.

విశ్రాంత_పశువైద్యుడు_తెనాలి

నడిపించమనండి, కండ నిలబడటానికి నడక అవసరమే. బేరం మాత్రం గిట్టుబాటు కాదు. కుక్క నడకలో కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. మూడు కిలోమీటర్లకు జూలీకి వంద పైన అవుతుంది, నాలుగు బిస్కెట్లకు సరిపోతుంది. మామగారు ఇచ్చేవి ఆరు. పైగా లావుగా ఉన్న కుక్క ఒంటి వేడిని త్వరగా వదలలేదు, కాకినాడ ఉక్కపోతలో అది ఇంకా కష్టం. ఎండాకాలంలో సాయంత్రం కన్నా తెల్లవారుజామే మేలు.

ఆయన చేత్తో పెట్టే సంతోషాన్ని తీసేయనక్కరలేదు. ఉదయం తూచిన డాగ్ ఫుడ్‌లో నుంచే కొన్ని గింజలు ఒక డబ్బాలో పోసి ఆయనకు ఇవ్వండి, టీ సమయంలో అవే ఒక్కొక్కటిగా పెట్టమనండి. కీర ముక్కలు, ఉడికించిన బీన్స్ కూడా పెట్టవచ్చు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి మాత్రం ఇవ్వకూడదు.

శ్రీను_సూర్యాపేట

పట్టిక విషయంలో నేను వెనక్కి తగ్గుతున్నాను, కాటా విషయంలో కాదు. నాకొక సందేహం మిగిలింది. అంతా తూచి పెట్టినా మూడు వారాలు అంకె కదలకపోతే థైరాయిడ్ అనుకోవాలా? మా వైపు లావు కుక్కలన్నింటికీ అదే పేరు చెబుతున్నారు.

విశ్రాంత_పశువైద్యుడు_తెనాలి

ముందు ఇంట్లో ఇంకెవరు ఏం పెడుతున్నారో విచారించాలి, పనిమనిషి నుంచి పక్కింటి పిల్లల వరకు. అది తేలాక కూడా కదలకపోతే తిండిని మరో 5 నుంచి 10 శాతం తగ్గించాలి. వారానికి రెండు శాతం కన్నా వేగంగా తగ్గుతుంటే అంతే మేరకు పెంచాలి. థైరాయిడ్ తక్కువైన కుక్క బరువు పెరగడంతో పాటు మందకొడిగా ఉంటుంది, చలికి తట్టుకోలేదు, రెండు పక్కలా, తోక మీద బొచ్చు రాలుతుంది. ఈ గుర్తులు ఉంటే రక్త పరీక్ష చేయించండి. అయితే వేరే జబ్బు ఉన్నప్పుడు, కొన్ని మందులు వాడుతున్నప్పుడు కూడా రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోను అంకె తక్కువగా వస్తుంది కాబట్టి, ఆ ఒక్కదాన్ని చూసి జీవితాంతం మాత్రలు మొదలుపెట్టకూడదు. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను టీ.ఎస్.హెచ్., రక్తంలో విడిగా తిరిగే ఫ్రీ టీ4 కూడా కలిపి చూడమని అడగండి. లలిత గారు రాసిన జూలీకి ఈ గుర్తులేవీ లేవు.